సాగనంపని దరువు

కోవిల్‌పట్టి బస్టాండు ఎదురుగా ఉన్న టీ అంగట్లో, ఒక మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు, సత్యప్రియకు పై ప్రాణాలు పైనే పోయాయి. చూసేవాళ్ళకు అక్కడ జరిగింది ఏమీ లేదు. పక్క బల్ల మీద కూర్చున్న బస్సు కండక్టరు వడ తింటూ ఫోనులో ఏదో వీడియో పెట్టుకున్నాడు. అందులోంచి ఒక మూలుగు, మూడు దెబ్బలు, కాస్త ఆగి ఇంకో దెబ్బ వినబడ్డాయి. మళ్ళీ మూలుగు, మళ్ళీ మూడు దెబ్బలు. ఎదురుగా కూర్చున్న తల్లి రాజమ్మాళ్ చేతిలో గ్లాసు గడగడ వణికి, టీ అంతా చీర మీద ఒలికింది. చెప్పుల్లో ఉన్న కాలి బొటనవేళ్ళు రెండూ వాటంతటవే లేచి తట్టడం మొదలుపెట్టాయి.

పదిహేను సెకన్ల వీడియో. అది అయిపోగానే వేళ్ళూ ఆగాయి. రాజమ్మాళ్ కొంగుతో చెమట తుడుచుకుని, చుట్టూ ఎవరైనా చూశారేమోనని కలయజూసింది.

"ఇది నాలుగో తూరి పాపా," అంది గొంతు తగ్గించి. "కొలువులో రావాల్సిన సామి నడిబజారులో వచ్చి పట్టుకుంటా ఉండాది. నేనేం తప్పు చేసినానో ఏమో. రొంబ బయంగా ఉండాది."

"ఎండకమ్మా. నీరసం," అంది సత్యప్రియ.

పొద్దున తొమ్మిదిన్నరకు ఎండట! అబద్ధం కూడా అతికేటట్టు చెప్పడం చేతకాని పిల్ల. ఎవరు తప్పు చేశారో ఆమెకు తెలుసు. ఆ తప్పు ఆమె ఒళ్ళో ఉన్న బ్యాగులోనే, లాప్‌టాప్‌లో, "పిలుపు" అనే పేరుతో భద్రంగా కూర్చుని ఉంది.

సంగతి మొదటినుంచీ చెప్పుకోవాలి. వీళ్ళది పుదూరు దగ్గర నల్లరేగడి ఊరు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ఏడాదికొకసారి మాసి నెలలో, శివరాత్రి రోజుల్లో, వాళ్ళ ఇలవేల్పు జక్కమ్మకు కొలువు జరుగుతుంది. రాజమ్మాళ్ తండ్రి బాలసుబ్రమణియన్ ఉరుమి వాయిస్తాడు. ఉరుమి అంటే నడుము సన్నగా ఉండే రెండు ముఖాల వాద్యం. ఒక ముఖాన్ని వంకర పుల్లతో రుద్దితే మనిషి మూలిగినట్టు మూలుగుతుంది, రెండో ముఖం మీద దెబ్బ పడుతుంది. ఆయన పిలుపు దరువు ఎత్తుకున్నాడంటే సామి వచ్చి రాజమ్మాళ్‌ను పూనవలసిందే. ఇరవై ఆరేళ్ళుగా అదే వరస.

వచ్చిన సామి తిరిగి వెళ్ళాలి కదా. దానికి సాగనంపు దరువు ఉంది. కానీ దాన్ని ఎవరూ వినకూడదు. ఊరు ఊరంతా రెండు చెవులూ మూసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇళ్ళకు నడిచిపోవాలి. ఉరుమి మనిషీ, పూనకంలో ఉన్న మనిషీ ఇద్దరే మిగులుతారు. ఆయన ఏం వాయిస్తాడో ఆయనకే తెలియాలి. సత్యప్రియ కూడా నడక నేర్చిన నాటినుంచీ అలాగే చెవులు మూసుకుని నడిచింది.

సాగనంపకపోతే ఏమవుతుంది? అది తాత నోటనే ఆమె చిన్నప్పుడు వింది. తాతకు ఒక చెల్లెలుండేది. అప్పట్లో సామి ఆమె మీదికి వచ్చేది. ఒక ఏడు కొలువు మధ్యలో ఉరుమి తోలు చిరిగిపోయింది. ఇంకో ఉరుమి కోసం మనిషి పరిగెత్తి వెళ్ళాడు, దొరకలేదు. ఆమె ఆడింది, ఆడింది, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆడి పత్తి చేనులో కుప్పకూలింది. మళ్ళీ లేవలేదు. ఆమెకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆ పొలం చెక్కలో ఈనాటికీ వాళ్ళు పత్తి వేయరు.

పైగా రాజమ్మాళ్‌కు గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోదు. మెట్లు కూడా ఆగి ఆగి ఎక్కమని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ తాత కొలువును గంటలోపలే ముగించి కూతుర్ని దించేశాడు.

ఇదంతా తెలిసే సత్యప్రియ ఆ పని చేసింది. ఆమెకు విరుదునగరంలో చిన్న రికార్డింగు గదిలో ఉద్యోగం. అక్కడే మణికంఠన్ పరిచయమయ్యాడు. నాదస్వరం వాళ్ళింటి బిడ్డ, దాన్ని వదిలి శాక్సఫోన్ పట్టుకున్నవాడు. డ్రమ్స్‌కు పాండియరాజన్. ఈమె కీబోర్డు, లాప్‌టాప్. ముగ్గురూ కలిసి కరిసల్ కూట్టం, అంటే నల్లరేగడి జట్టు, అని బ్యాండు పెట్టారు. జాజ్ వాయిస్తారు. వినేవాళ్ళు సినిమా పాట అడిగితే సినిమా పాటను కూడా జాజ్ చేసి వడ్డిస్తారు.

మణికంఠన్ తమిళంలో గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చేవాడు. "జాజ్ అంటే ఏమిటనుకున్నావు? ఒకడు పిలవాలి, ఇంకొకడు పలకాలి. జవాబు ముందే రాసిపెట్టుకుని వస్తే అది జాజ్ కాదు సత్యా, వార్తలు చదవడం." ఇంకోరోజు, "మీ తాత ఉరుమి వాయిస్తాడంటావు, ఏడాదికొకసారి నూటయాభై మంది వింటారంటావు. ఆయన తర్వాత? అటక మీద పెట్టి పసుపు పూస్తారా?" అన్నాడు. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. నిజమే కదా అనిపించింది. వినబడని సంగీతం బతుకుతుందా అనిపించింది.

కిందటి మాసి కొలువుకు సత్యప్రియ పూలగంపలో, చామంతుల కింద, మంచి రికార్డరు ఒకటి దాచి తీసుకెళ్ళింది. పిలుపు దరువు మొత్తం అందులో పడింది. ఇక సాగనంపు వేళయింది. అందరూ చెవులు మూసుకున్నారు. ఈ మహాతల్లి గంపను అక్కడే వదిలేసి పోతే సరిపోయేది. కానీ భయం వేసింది. రికార్డరు ఆపేసి, గంప నెత్తిన పెట్టుకుని, రెండు చేతులతో చెవులు మూసుకోలేక ఒక చెవికి చెయ్యీ, ఇంకో చెవికి భుజమూ ఆనించుకుని, అందరికంటే ముందు ఇంటికి నడిచింది. దొంగతనంలో కూడా సగమే చేసింది. పిలుపు దొంగిలించే ధైర్యముంది, సాగనంపు దొంగిలించకూడదన్న భక్తీ ఉంది. ఆ సగం భక్తే కొంప ముంచింది.

ఆ పిలుపు దరువులోంచి నాలుగు సెకన్ల ముక్క కోసి లూప్ చేసింది. మూలుగు, మూడు దెబ్బలు, ఆగి ఇంకోటి. అది తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. దాని మీద మణికంఠన్ తొమ్మిది నిమిషాలు ఊదాడు. ఒట్టేసి చెప్పవచ్చు, బ్రహ్మాండంగా వచ్చింది. దీపావళికి ఇంటర్నెట్‌లో పెట్టారు. పొంగల్ నాటికి ఎవడో ఎద్దుల పందెం వీడియోకు అదే దరువు తగిలించాడు. ఆ తర్వాత అది ఆటోల్లో, బస్సుల్లో, పెళ్ళి వీడియోల్లో, జిమ్ములో కండలు తిప్పేవాళ్ళ వెనక, ఎక్కడ చూస్తే అక్కడ మోగింది. సత్యప్రియ వారం రోజులు గాల్లో తేలింది.

అంతకుముందే, దీపావళి ఇంకా మూడు నెలలుందనగా, ఆడి నెలలో తాతకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాటా పోయింది. తూత్తుకుడి నుంచి ఉప్పు లారీలు తోలే సత్యప్రియ తండ్రి వెళ్ళి ఆయన్ని తాము కాపురముండే కోవిల్‌పట్టి ఇంటికే తీసుకొచ్చాడు. తాత చూస్తాడు, వింటాడు, ఎడమచేత్తో తింటాడు. మాట అనబోతే గాలి వస్తుంది.

ఒక సాయంత్రం, తల్లి రేషను అంగడికి వెళ్ళినప్పుడు, సత్యప్రియ తన పాటను తాతకు వినిపించింది. మెచ్చుకుంటాడని ఆశ. ఆయన కళ్ళు మూసుకుని తొమ్మిది నిమిషాలూ విన్నాడు. పాట ఆగింది. ఆయన మాత్రం తల వంచి, చెవి రిక్కించి, ఇంకా వింటూనే ఉన్నాడు. ఒక నిమిషం గడిచింది. కళ్ళు తెరిచి మనవరాలి వైపు చూశాడు. తర్వాతేదీ అని అడుగుతున్నాయి ఆ కళ్ళు. తర్వాత ఏమీ లేదని ఆయనకు అర్థమయ్యేసరికి ఎడమచెయ్యి ముందుకు చాపాడు. ఆ చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని వదల్లేదు. అప్పుడు సత్యప్రియకు భయం పట్టుకుంది.

మరి తల్లికి ఎందుకు చెప్పలేదంటారా? చెబుదామని రోజూ అనుకుంది. నోరు తెరిచేలోపల రాజమ్మాళ్ ఇంకో ఉపవాసం మొదలుపెట్టేది. తెలియని తప్పుకు ఆమె మూడు వారాలుగా ఒంటిపూట తింటోంది. పక్కింటి టీవీలో ఆ దరువు వస్తే తలుపు వేసుకునేది. బయటికెళ్తే చెవుల్లో దూది పెట్టుకునేది. అంతా పదిహేను సెకన్ల ముక్కలే కాబట్టి సామి గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయేది. పూర్తిగా వచ్చేస్తే దించేవాడెవడు? దించే చెయ్యి మంచం పట్టి ఉంది.

సత్యప్రియ తన పాటను ఇంటర్నెట్‌లోంచి తీసేసింది. ఏం లాభం? అప్పటికే వేలమంది దగ్గర ఉంది. మణికంఠన్ లబోదిబోమన్నాడు.

"పిచ్చి పట్టిందా నీకు? మన బతుకులో మొదటిసారి నలుగురూ విన్నది అదొక్కటే!"

"అన్నా, కారణం అడగొద్దు. విరుదునగరం కాలేజీ ప్రోగ్రాములో దాన్ని వాయించనని మాటివ్వు. లేకపోతే నేను రాను."

ఆమె ముఖం చూసి అతను మాటిచ్చాడు. ఆమె లాప్‌టాప్‌లోంచి కూడా ఆ ఫైలు చెరిపేసింది. తల్లితో మాత్రం, "నువ్వు రావద్దమ్మా, ఎండలో కూర్చోలేవు," అంది.

కాలేజీ వార్షికోత్సవం ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. మైదానంలో షామియానా, రెండు వేలమంది పిల్లలు, తాటికాయంత స్పీకర్లు కాదు, మనిషెత్తు స్పీకర్లు. నాలుగు పాటలు బాగానే సాగాయి. అయిదోదానికి ముందు వెనక వరసల్లో కేక లేచింది. "పిలుపు! పిలుపు!"

మణికంఠన్ ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను మైకులో, "ఇవాళ అది లేదు తమ్ముళ్ళూ, వేరేది వినండి," అన్నాడు. వింటారా? వాళ్ళే చప్పట్లు అందుకున్నారు. ఊఁ అని మూలిగి, మూడు చప్పట్లు, ఆగి ఇంకోటి. రెండు వేల జతల చేతులు! పాండియరాజన్‌కు ఉత్సాహం ఆగలేదు. ఆ మాట ఇచ్చినప్పుడు అతను అక్కడ లేడు, అతనికేం తెలుసు? అతని డ్రమ్ముల పక్కన పుల్లతో కొడితే రికార్డు చేసిన శబ్దాలు పలికే పలక ఒకటి ఉంది. అందులో తాత ఉరుమి ముక్క ఇంకా ఉంది. కొట్టాడు.

మనిషెత్తు స్పీకర్లలోంచి ఉరుమి మూలిగింది.

సత్యప్రియ గబుక్కున తల తిప్పింది, అప్పుడు కనబడింది మూడో వరసలో తల్లి. విరుదునగరం మారియమ్మకు పిండిదీపం మొక్కు తీర్చుకుని, తెలియని తప్పుకు క్షమాపణ చెప్పుకుని, ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా, బిడ్డ వాయించేది చూసి పోదామని అద్దెకారులో ముసలి తండ్రిని కూడా ఎక్కించుకుని వచ్చింది రాజమ్మాళ్. తాత ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. రాజమ్మాళ్ లేచి నిలబడి ఉంది. చెవుల్లో దూది ఉంది. నేలలోంచి కాళ్ళకు ఎక్కే మోతకు దూది ఏం చేస్తుంది?

సత్యప్రియ మరుక్షణం పరిగెత్తి పలక తీగ పీకేసింది. స్పీకర్లు ఆగాయి. మైదానం మాత్రం ఆగలేదు. పిల్లలందరికీ ఆ దరువు కంఠతా వచ్చు. యంత్రం ఆగాక ఇంకా జోరుగా, తప్పులేకుండా కొట్టారు. తను కోసిన ముక్కే, తను అతికిన అతుకే. రెండు వేలమంది దాన్ని తిప్పి తిప్పి పిలుస్తున్నారు.

రాజమ్మాళ్ కొప్పు ఊడింది. కుర్చీలు తోసుకుని వరసల మధ్య దారిలోకి వచ్చింది. ఎడమకాలు రెండుసార్లు నేలను తన్నింది, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చింది. పిల్లలు ఇది కూడా ప్రోగ్రాములో భాగమేననుకుని జరిగి చోటిచ్చారు. ఈలలు వేశారు. ఫోనులన్నీ పైకి లేచాయి.

"ఆపండి! చప్పట్లు ఆపండి!" అని సత్యప్రియ మైకులో అరిచింది. ఆ అరుపుకు ఇంకో ఈల వచ్చింది. ఆమె వేదిక మీదినుంచి దూకి, మనుషుల్ని నెట్టుకుంటూ తాత కాళ్ళ దగ్గర పడింది. తల్లి పెదవులు నీలంగా మారడం అక్కడికే కనబడుతోంది. మెట్లు ఆగి ఆగి ఎక్కవలసిన మనిషి ఎగిరెగిరి ఆడుతోంది.

"తాతా! నేనే దొంగిలించినాను తాతా! పూలగంపలో పెట్టి దొంగిలించినాను. సాగనంపు నాకు తెలీదు. అమ్మ సచ్చిపోతాది. సాగనంపు ఎట్ల కొట్టేది, చూపించు తాతా!"

తాత ముఖంలో కోపం కనబడలేదు. దానికి తీరికెక్కడిది? ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద పెట్టి వేళ్ళతో తట్టసాగాడు. రెండు తట్లు, ఒక రాపిడి. రెండు తట్లు, ఒక రాపిడి. సత్యప్రియ దాన్ని మనసులో పట్టేసింది.

"ఇదేనా? అప్పురం ఏంది? దీని తర్వాత ఏంది?"

ఆయన తల విదిలించాడు. కాదు. చెయ్యెత్తి కూతురి కాళ్ళ వైపు చూపించాడు. మళ్ళీ తట్టాడు. ఈసారి వేరేగా తట్టాడు. ఒకటి, రాపిడి, మూడు. మళ్ళీ మారింది. సత్యప్రియకు ఏడుపొచ్చింది. ముసలాయన మరిచిపోయాడు, జబ్బుతో అంతా కలగాపులగమైపోయింది, ఇక అమ్మ దక్కదు అనుకుంది. ఆయన మళ్ళీ చెయ్యెత్తి కాళ్ళ వైపు చూపించాడు, కోపంగా, ఇంత మందమతివేమే అన్నట్టు.

అప్పుడు చూసింది. తల్లి కాలు మారినప్పుడల్లా తాత వేళ్ళు మారుతున్నాయి. కాలికంటే ముందు కాదు, వెంట్రుకవాసి వెనక. తాత దేన్నీ గుర్తు తెచ్చుకోవడం లేదు. చూస్తున్నాడు. చూసి, ఆ కాళ్ళు ఏమంటున్నాయో దానికి పలుకుతున్నాడు. ఏ ఏటి సాగనంపు ఆ ఏటిదే. దాచుకోవడానికి అందులో దరువంటూ ఏదీ లేదు. విన్నవాళ్ళు నేర్చేసుకుని మర్నాడు అదే వాయిస్తారనే కాబోలు, తాతముత్తాతలు ఊరందరి చెవులూ మూయించారు.

"పాండీ అన్నా, ఆ పెద్ద డ్రమ్ము ఇక్కడికి పంపు!"

డ్రమ్ము చేతులు మారుతూ కిందికి దిగింది. వాళ్ళింట్లో ఆడపిల్ల ఉరుమిని తాకనైనా తాకదు. ఇది ఉరుమి కాదు, ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన ప్లాస్టిక్ తోలు డ్రమ్ము. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని వాయించింది. ముందు తప్పే చేసింది. భయంలో తనకు తెలిసిన మంచి దరువేదో ఎత్తుకుంది. రాజమ్మాళ్ తూలిపడబోయి, ఇంకా ఉద్రేకంగా ఎగిరింది. తాత గొంతులోంచి గాలి బుస్సుమంది. సత్యప్రియ ఆ దరువు ఆపేసింది. పెదవి కొరుక్కుని, తను ఏం వాయించాలా అన్న ఆలోచన మానేసి తల్లి పాదాలు మాత్రమే చూసింది.

చప్పట్లు ఇంకా అడ్డం పడుతూనే ఉన్నాయి. వేదిక మీద మణికంఠన్‌కు ఏం అర్థమైందో ఏమో, శాక్సఫోన్ మైకుకు ఆనించి కిందిస్థాయిలో ఒకే స్వరాన్ని పట్టుకుని ఊదాడు. ఊపిరి తీసుకున్నాడో లేదో తెలియదు. ఆ మూలుగు మైదానమంతా కమ్ముకుంది. చప్పట్లు దాని కింద తడబడి, పలచబడి, చివరికి ఆగిపోయాయి. అతను సత్యప్రియను చూడటం లేదు. అతని కళ్ళు కూడా రాజమ్మాళ్ పాదాల మీదే ఉన్నాయి.

కాలు పడ్డాక దెబ్బ, కాలు పడ్డాక దెబ్బ. కొంతసేపయ్యాక సత్యప్రియ ఒక దెబ్బను వెంట్రుకవాసి ఆలస్యం చేసింది. కాలు దానికోసం ఆగింది. ఇంకోటి ఆలస్యం చేసింది. కాలు మళ్ళీ ఆగింది. ఒకసారి తొందరపడింది, కాలు రెచ్చిపోయింది, మళ్ళీ మొదటికొచ్చింది. అలా ఎంతసేపు! ఇరవై నిమిషాలని తర్వాత ఎవరో అన్నారు. చివరకు రెండు దెబ్బల మధ్య నాలుగు ఊపిర్ల దూరం వచ్చింది. రాజమ్మాళ్ నిలబడిపోయింది. చుట్టూ చూసింది. మోకాళ్ళు వంగి, కూతురి ఒళ్ళోకి జారింది.

కాలేజీ నర్సు పరిగెత్తుకొచ్చి నాడి చూసింది. "ఉంది, ఉంది," అంది. దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీసి, రెండు గంటలు పడుకోబెట్టి, మాత్రలిచ్చి, రేపు పెద్ద డాక్టరుకు చూపించమని పంపేశారు. మణికంఠన్ కారు దాకా వచ్చాడు.

"మూడొందల ఫోనుల్లో రికార్డయింది సత్యా, ఆ చివరిది," అన్నాడు. సంబరంగా అనలేదు, భయంగానే అన్నాడు. "ఏం చేద్దాం?"

"ఏం చేస్తాం. అది ఇంకెవరి కాళ్ళకూ పట్టదన్నా. ఇవాళ అయిపోయింది," అంది సత్యప్రియ. పిలుపు సంగతి ఆమె అనలేదు. పిలుపు ఎవరు మోగించినా, ఎక్కడ మోగించినా పలుకుతుంది. అదీ దాంతో చిక్కు.

కారు ఊరు దాటింది. డ్రైవరు పక్కన తాత నిద్రపోతున్నాడు. వెనక సీట్లో రాజమ్మాళ్ కూతురి భుజానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఇక దాచడానికి ఏముంది? సత్యప్రియ అంతా చెప్పేసింది. గంప, రికార్డరు, లూప్, అన్నీ.

తిడుతుందని, కొడుతుందని సత్యప్రియ కాచుక్కూర్చుంది. కొట్టినా బాగుండేది.

"చామంతుల కిందనా పెట్టినావు?"

"అవునమ్మా."

"ఆ పూలు నేనే సామికని కోసినాను," అంది రాజమ్మాళ్. "మూడు వారాలు ఉపాసముంటిని పాపా. ఏం తప్పు చేసినానో తెలీకనే," అంది.

సత్యప్రియ తల్లి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రాజమ్మాళ్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఓదార్చనూ లేదు.

అప్పుడే డ్రైవరు ఫోను మోగింది. మూలుగు, మూడు దెబ్బలు, ఆగి ఇంకోటి.

"ఆపండి! ఆపేయండన్నా దాన్ని!" అని సత్యప్రియ తమిళంలో అరిచింది. పాపం అతను బెదిరిపోయి ఫోను ఆపేశాడు. ఫోను ఆగింది కానీ, ముందు సీటు కింద తల్లి కుడికాలి బొటనవేలు ఆగలేదు. పొద్దుటిదాకా శబ్దం ఆగితే ఆగేది. కొలువు బయట సామి పూర్తిగా వచ్చింది కాబట్టి ఇవాళ్టినుంచి అలా ఆగదని సత్యప్రియకు అప్పుడు తెలిసింది.

కళ్ళు తుడుచుకుని, వంగి ఆ వేలినే చూస్తూ, తల్లి మోకాలి మీద రెండు వేళ్ళతో తట్టసాగింది. వేలు పడ్డాక తట్టు, వేలు పడ్డాక తట్టు. కొంచెం ఆలస్యం, ఇంకొంచెం ఆలస్యం. ముందు సీట్లో తాత లేచాడు. వెనక్కి తిరగలేదు, చెవి మాత్రం ఇటు వంచాడు. చాలాసేపటికి వేలు ఆగింది. రాజమ్మాళ్ దీర్ఘంగా ఊపిరి వదిలి, ఇందాక ఊరికే పట్టుకోనిచ్చిన కూతురి చేతిని ఈసారి గట్టిగా పట్టుకుంది.

పక్కనుంచి ఒక బస్సు హారను కొడుతూ దాటిపోతోంది. దాని కిటికీల్లోంచి ఏదో పాట వస్తోంది. ఏ పాటో ఇంకా తెలియడం లేదు. సత్యప్రియ రెండు వేళ్ళూ మళ్ళీ మోకాలి మీద సిద్ధంగా పెట్టి, ఊపిరి బిగబట్టి వింటోంది. ఇంటికి సగం దారిలో ఉండే సాత్తూరు కూడా ఇంకా రాలేదు.